నీటి నెలవు: మంత్రపుష్పంలో ఒక మాట

మంత్రపుష్పం మొదలైందంటే పూజకు వచ్చినవాళ్లలో ఒక కదలిక వస్తుంది. ఇక తీర్థప్రసాదాలు, ఆ తర్వాత భోజనాలే. చేతిలో నాలుగు పూలు పట్టుకుని లేచి నిలబడతాం. 'యోఽపాం పుష్పం వేద' అని పురోహితుడు గొంతెత్తగానే, అర్థం తెలియకపోయినా లయ తెలిసినవాళ్లంతా అందుకుంటారు. నేనూ చిన్నప్పటి నుంచి అలా అందుకున్నవాడినే. పోయిన శ్రావణంలో మా పిన్ని కొడుకు గృహప్రవేశంలో మాత్రం ఆ మాటలు నోట్లోనే ఆగిపోయాయి.

హైదరాబాదు శివార్లలో అపార్టుమెంటు, ఏడో అంతస్తు. పక్కనే చెరువు. 'లేక్ వ్యూ' అని బ్రోచర్లో వేసి, దానికి చదరపు అడుగుకు ఇంత అని అదనంగా కూడా తీసుకున్నారట. సంకల్పంలో పురోహితుడు 'కృష్ణాగోదావర్యోః మధ్యప్రదేశే' అంటున్నాడు. మన పూజల్లో అడ్రసు ఎంత చక్కగా ఉంటుందో చూడండి. పిన్ కోడ్ లేదు, ఫ్లాట్ నంబరు లేదు, ఏ నదుల మధ్య కూర్చున్నావో చెప్పుకుంటే చాలు. (అమెరికాలో ఉన్న మావాళ్ల ఇళ్లలో పురోహితులు అక్కడి నదుల పేర్లు చేర్చి చెబుతారు. నాకది బాగా నచ్చింది.) హైదరాబాదు విషయంలో ఆ మాట అక్షరాలా నిజం కూడా. ఈ ఊరు ఉన్నది కృష్ణలో కలిసే మూసీ ఒడ్డున. తాగేది అటు నాగార్జునసాగర్ దగ్గర ఎత్తిపోసిన కృష్ణ నీళ్లు, ఇటు ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీళ్లు. రెండూ వంద కిలోమీటర్లు దాటి వస్తాయి.

అంతలో సూర్యాపేట వైపు పల్లె నుంచి వచ్చిన మా మేనమామ బాల్కనీలోకి వెళ్లి, చెరువును కాసేపు చూసి, తమ్ముణ్ణి పిలిచి మెల్లగా అడిగాడు: "ఇది కట్టకు లోపలనా, బయటనా? శిఖం కాదు గద బిడ్డా?"

తమ్ముడికి శిఖం అంటే ఏమిటో తెలియదు. బ్యాంకు వాళ్లు లోనిచ్చారు మామా, అన్నాడు.

శిఖం అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే నేల. ఎండాకాలం ఎండిపోయి పశువులు మేస్తాయి, పుచ్చకాయలు పండిస్తారు, పిల్లలు క్రికెట్ ఆడతారు. చూడ్డానికి మామూలు భూమే. కాని అది నీటిది.

మామయ్య మాట చెవిలో ఉండగానే మంత్రపుష్పం మొదలైంది. 'యోఽపామాయతనం వేద, ఆయతనవాన్ భవతి.' ఆయతనం అంటే నెలవు, ఆధారం, ఇల్లు. నీటి నెలవు ఎవడికి తెలుసో, వాడు నెలవు గలవాడవుతాడు. కొత్త ఇంట్లో నిలబడి, ఎదురుగా చెరువును పెట్టుకుని ఆ మాట ఇన్నేళ్లకు మొదటిసారి విన్నట్టు విన్నాను.

పెద్దలు ఈ మంత్రాన్ని ఉపాసనగా చెబుతారు. కనిపించే వాటన్నిటికీ ఆధారమైనదాన్ని తెలుసుకోమని దాని లోతు. నేను దాన్ని కాదనడం లేదు. ఆ లోతుకు దిగలేనివాడు ఒడ్డున నిలబడి చూసినా కొంత కనిపిస్తుంది, అంతే. ఇది కృష్ణ యజుర్వేదంలోని తైత్తిరీయ ఆరణ్యకం మొదటి ప్రశ్నలోది (ప్రశ్న అంటే అక్కడ అధ్యాయం), మనం అరుణం అని పిలిచే భాగం. నీటి నెలవు ఏది అన్నదానికి అందులో ఒక్క జవాబు లేదు. అగ్ని, వాయువు, సూర్యుడు, చంద్రుడు, నక్షత్రాలు, పర్జన్యుడు (వాన మబ్బు), సంవత్సరం, ఏడు చెప్పారు. ప్రతిసారీ తిప్పి కూడా చెప్పారు: అగ్ని నీటికి నెలవు, నీరు అగ్నికి నెలవు. ఒకదాని ఇంట్లో ఒకటి ఉంటుంది.

నన్ను పట్టుకున్నది చివరిది. 'సంవత్సరో వా అపామాయతనమ్.' ఏడాది నీటి నెలవు. నీటికి ఇల్లు స్థలంలోనే కాదు, కాలంలో కూడా ఉందన్నమాట! మనం ప్లాటు చూడ్డానికి మాఘమాసంలోనో వైశాఖంలోనో వెళతాం. ముహూర్తాలు అప్పుడే కదా. వాగు ఒక గీతలా ఉంటుంది, చెరువు నాలుగు గుంటల నీళ్లతో ఉంటుంది. అదే దాని ఇల్లనుకుంటాం. భాద్రపదంలో, ఆశ్వయుజంలో అది ఎంత మేర పరుచుకుంటుందో చూడం. ఏడాది మొత్తం చూసినవాడికే నీటి ఇల్లు ఎంతో తెలుస్తుంది. కొన్ని నదుల ఇల్లు తెలియాలంటే ఒక ఏడాది కూడా చాలదు.

1908 సెప్టెంబర్ 28న మూసీ తన ఇల్లు ఎంతో చూపించింది. వేల మంది పోయారు. అఫ్జల్‌గంజ్ దగ్గర ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి నూటయాభై మంది దాకా బతికారని చెబుతారు, ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. అప్పటి నిజాం మహబూబ్ అలీ పాషా నది దగ్గరకు వెళ్లి చీర, పసుపు కుంకుమలు సమర్పించి శాంతించమని వేడుకున్నాడని హైదరాబాదు పాతవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. నాకు ఈ కథ ఇష్టం. దాని తర్వాతి భాగం ఇంకా ఇష్టం. పూజ చేసి ఊరుకోలేదు. మరుసటి ఏడాదే మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించారు. ఆయన చేసిన మొదటి పని నీళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో, ఎంత వచ్చాయో, దారిలో ఎక్కడ నిలుస్తాయో లెక్క తీయడం. ఎగువన పరివాహకంలో 788 చెరువులున్నాయని, వాటిలో 221 తెగాయని తేల్చారు. సుమారు ఒక చదరపు మైలుకు ఒక చెరువు! ఒకటి నిండితే అలుగు పారి కిందిది నిండేలా కట్టిన గొలుసుకట్టు. నీటి నెలవు తెలిసిన వాళ్లెవరో ఎప్పుడో చేసిన పని అది. విశ్వేశ్వరయ్య ఆ గొలుసుకు తోడుగా, నగరానికి ఎగువన రెండు పెద్ద జలాశయాలు ఉండాలన్నారు. 1920లో మూసీ మీద ఉస్మాన్‌సాగర్, 1927లో దాని ఉపనది ఈసీ మీద హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి.

ఆ రెంటికీ నీళ్లొచ్చే నేలను కాపాడాలని, అక్కడ కట్టడాల మీద ఆంక్షలు పెడుతూ 1996లో 111 జీవో తెచ్చారు. 84 గ్రామాలు, పది కిలోమీటర్ల మేర. 2022లో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ ఇంకో జీవో వచ్చింది. ఆ గ్రామాల రైతుల బాధ కూడా చిన్నదేం కాదు. పక్క ఊళ్లో ఎకరం కోట్లు పలుకుతుంటే, పట్నం దాహం కోసం తమ భూమి ధర పెరగకుండా పాతికేళ్లు కూర్చున్నారు. వాళ్లకు ఏమిచ్చాం మనం? తీర్థం పుచ్చుకున్నాక దక్షిణ ఇవ్వాలన్న ఆలోచన మనకు గుళ్లో వస్తుంది గాని కుళాయి దగ్గర రాదు.

2020 అక్టోబర్‌లో ఒక్క రాత్రి వానకు గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు తెగి హైవే మీది బండ్లను కూడా కొట్టుకుపోయింది. నాలుగు రోజులకు బాలాపూర్ గుర్రం చెరువు తెగింది. టీవీల్లో అంతా 'కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి' అన్నారు. నీళ్ల వైపు నుంచి చూస్తే ఆ మాటను తిరగేసి చెప్పాలేమో.

అదే అరుణంలో, మంత్రపుష్పానికి నాలుగు అనువాకాల (విభాగాల) తర్వాత ఇంకో మాట ఉంది. అక్కడ ఏ తాత్పర్యమూ వెతుక్కోనక్కర్లేదు: 'నాప్సు మూత్రపురీషం కుర్యాత్, న నిష్ఠీవేత్.' నీళ్లలో మలమూత్రాలు విడవకు, ఉమ్మకు. కారణం కూడా అక్కడే ఉంది, 'గుహ్యో వా ఏషోఽగ్నిః'. నీళ్లలో నిప్పు దాగి ఉందని. మనం మంత్రపుష్పం దగ్గర పూలు వేసి ఇంటికొచ్చేశాం, అక్కడి దాకా చదవలేదు. మూసీలో నగరపు మురుగు కలుస్తుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల విషం నక్కవాగులో పడి మంజీరకు, అక్కడి నుంచి గోదావరికి వెళ్లిన కథ సుప్రీంకోర్టు దాకా నడిచింది. కృష్ణాగోదావరుల మధ్య కూర్చుని, రెంటికీ పంచాం. నగరం దిగువ పల్లెల్లో ఆ మూసీ నీళ్లతోనే వరి నాటుతారు, పశువుల గడ్డి పెంచుతారు. ఆ పాలు మళ్లీ మన అభిషేకానికి వస్తాయేమో, ఎవరికి తెలుసు.

సంస్కృతం రాని మా ఊళ్లవాళ్లు ఇదంతా వేరే పద్ధతిలో గుర్తుపెట్టుకున్నారు. కట్ట మీద మైసమ్మను నిలిపారు. తెలంగాణలో చెరువు ఉంటే కట్ట మైసమ్మ ఉండాల్సిందే. బోనం ఎత్తుకుని ఆమె దగ్గరకు వెళ్లాలంటే కట్ట మీద నడవాలి. నడిస్తే ఎక్కడ గండి పడేలా ఉందో, తూము సరిగా ఉందో లేదో, నీళ్లు ఎక్కడి దాకా వచ్చాయో ఏడాదికోసారైనా ఊరంతా చూస్తుంది. మొక్కూ తీరుతుంది, తనిఖీ కూడా అయిపోతుంది.

భోజనాలయ్యాక మామయ్య వాచ్‌మన్‌ను పట్టుకుని మైసమ్మ ఎక్కడ అని అడిగాడు. గోడ వెనక సందులో ఉంది అన్నాడతను. పూజలో మిగిలిన కొబ్బరికాయ తీసుకుని ముగ్గురం వెళ్లాం. రెండడుగుల గుడి, పసుపు పూసిన రాయి, ఎండిన వేపమండలు. నేలంతా చదునుగా ఉంది, కట్ట ఆనవాలు కూడా లేదు. దీపం పెడుతున్న ఒక ముసలామెను మామయ్య అడిగాడు, "కట్ట ఎటు పోయేదమ్మా?"

ఆమె లేవకుండానే చెయ్యి చాపి చూపించింది. తమ్ముడు కారు పెట్టిన వైపు.