ఇరవై పౌండ్ల లెక్క

ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. భోజనాలయ్యాక ‘ది ఇన్ఫార్మర్’ మళ్లీ పెట్టాను. జాన్ ఫోర్డ్ తీసింది, 1935, గంటన్నర నిడివి. ఈసారి కథ మీద కన్నా డబ్బు మీదే కన్నేసి చూశాను. ఈ సినిమాలో పశ్చాత్తాపం మాటల్లో ఉండదు, ఖర్చులో ఉంటుంది.

డబ్లిన్‌లో ఒకే ఒక్క రాత్రి. జిపో నోలన్‌కు తిండి లేదు, పడుకోను చోటు లేదు. ఒక ఆంగ్ల సైనికుణ్ణి చంపాల్సిన వంతు చీటీల్లో తనకొస్తే, జాలిపడి వాణ్ణి వదిలేశాడని, బ్రిటిష్ పాలన మీద పోరాడే ఐరిష్ దళం వెళ్లగొట్టింది. ఓడ కంపెనీ అద్దాల్లో అమెరికా టిక్కెట్టు పది పౌండ్లు. తనకూ ప్రియురాలు కేటీకీ కలిపి ఇరవై. గోడ మీది పోస్టరులో, పోలీసులు వెతుకుతున్న స్నేహితుడు ఫ్రాంకీ తల వెల కూడా సరిగ్గా ఇరవయ్యే. ఫోర్డ్ ఈ రెండు అంకెల్నీ చూపించి ఊరుకుంటాడు, కూడిక మనకే వదిలేస్తాడు.

నాకు అన్నిటికన్నా బలంగా తగిలేది, ఫ్రాంకీ ఆచూకీ చెప్పినందుకు జిపోకు డబ్బు చేతికిచ్చే ఘట్టం. అధికారి నోట్లను చేత్తో ముట్టుకోడు, కర్రతో బల్ల మీద ఇటు తోస్తాడు. ద్రోహం చేయించుకున్నవాడికే ద్రోహి అంటే అంత రోత. దానికి ముందు ఫ్రాంకీ చావు: కిటికీ నుంచి జారిపోతుంటే గోళ్లు చెక్కను గీరుకుంటాయి. ఆ చప్పుడు చాలాసేపు చెవిలో ఉండిపోతుంది.

అక్కణ్ణుంచి నోట్లు ఒక్కొక్కటే జారిపోతాయి. గుడ్డి భిక్షగాడికో పౌండు, సారాకొట్లో విస్కీ, వీధి జనానికంతా చేపల వేపుడు. ఫ్రాంకీ శవజాగరణలో జేబులోంచి నాణేలు నేల మీద రాలితే గదంతా అటే చూస్తుంది. నేరం నెత్తిన పడకుండా దర్జీ మలిగన్ పేరు చెబుతాడు, పాపం ఆ అమాయకుడు విచారణకు వణుకుతూ వస్తాడు. ఎక్కడెక్కడ ఎంత ఖర్చయిందో దళం మనుషులు లెక్కగట్టి చెప్పేసరికి జిపో దగ్గర అబద్ధాలు అయిపోతాయి. సాక్షి కన్నా పద్దు గట్టిది.

జిపోగా వేసిన విక్టర్ మెక్లాగ్లెన్ మునుపు బాక్సర్. ఆ భారీ ఒంట్లో ఆలోచన ఎంత మెల్లగా కదులుతుందో, నుదురు తుడుచుకోవడంలోనే తెలుస్తుంది. మాక్స్ స్టైనర్ సంగీతం మాత్రం ప్రతి అడుగునూ అంటిపెట్టుకుని పోతుంది. నిర్బంధంలో కారే నీటి బొట్లకు కూడా స్వరం కట్టాడు. అక్కడ అద్భుతం, తక్కినచోట కొంచెం ఎక్కువే. చింపి పారేసిన పోస్టరు గాలికి వచ్చి కాలికి చుట్టుకోవడం కూడా అంతే, ఒక్కసారితో ఆపాల్సింది. పొగమంచు మాత్రం సినిమాకు ప్రాణం. తక్కువ డబ్బుతో వేసిన సెట్లు అందులో దాగిపోయాయి, మనిషికి దారి కనబడని స్థితీ దొరికింది.

కాలం దగ్గరే నాకు పేచీ. 1922 అని వేస్తారు. కానీ బ్రిటిష్ బలగాలతో కాల్పుల విరమణ 1921 జులైలోనే అయింది, ఆ డిసెంబరులో ఒప్పందం మీద సంతకాలూ పడ్డాయి. లియమ్ ఓ'ఫ్లాహర్టీ 1925 నవలలో (సినిమాకు మూలం అదే) కథ ఐర్లండ్ అంతర్యుద్ధం తర్వాతిది, దళం కమ్యూనిస్టుది. దాన్ని స్వాతంత్ర్య పోరాటంలోకి జరపడంతో చర్చిలో ఫ్రాంకీ తల్లి జిపోను క్షమించే ముగింపు తేలికయింది గానీ, నవలలోని మొరటు రాజకీయం పోయింది. అది నష్టమే.

నాలుగు ఆస్కార్లు వచ్చాయి: దర్శకుడు, నటుడు, రచన, సంగీతం. రచయిత డడ్లీ నికోల్స్ రచయితల సంఘం పక్షాన నిలబడి అప్పట్లో తనది వద్దన్నాడు.

వచ్చే ఆదివారం జూల్స్ డాసిన్ ‘అప్‌టైట్’ చూడాలి. 1968లో ఇదే కథను క్లీవ్‌లాండ్ నల్లజాతి ఉద్యమకారుల మధ్య, మార్టిన్ లూథర్ కింగ్ హత్య జరిగిన రోజుల్లో పెట్టాడు. అక్కడ పొగమంచు లేదు, మరి ద్రోహిని ఎక్కడ దాచాడో చూడాలి.