కుందేలు బొమ్మ రాసే మ్యూజియం డైరీ

బొమ్మ పేరు మీద పిల్లలకి ప్రయాణ డైరీ రాయబోయి చాలామంది దాని చేత పెద్దవాళ్ల మాటలు పలికిస్తారు. "ఈరోజు ఎన్నో అరుదైన పురాతన వస్తువులను తిలకించాను" అని కుందేలు రాస్తే ఐదేళ్ల పిల్ల రెండో పేజీ తిప్పదు. బొమ్మకి దాని చూపు దానికుండాలి. ఆ చూపు దాని ఎత్తును బట్టి వస్తుంది.

అందుకే బొమ్మని వెంటబెట్టుకుని మ్యూజియానికి బయల్దేరే ముందు దాన్ని కొలవండి. 15 నుంచి 20 సెంటీమీటర్ల బొమ్మ అయితే చేతిలో ఇముడుతుంది, ఫొటోలో వెనకున్న వస్తువుని కప్పెయ్యదు. మన కుందేలు చెవి కొస నుంచి పాదం దాకా 18 సెంటీమీటర్లు అనుకుందాం. ఇక డైరీ అంతటికీ అదే కొలబద్ద. వస్తువు పక్కనుండే చీటీలో "ఎత్తు 90 సెం.మీ." అని ఉన్న గుడిగంట లాంటి గంట డైరీలో "ఐదు కుందేళ్ల ఎత్తు" అవుతుంది. తొంభై సెంటీమీటర్లంటే ఎంతో తెలియని పిల్లకి ఐదు కుందేళ్లంటే వెంటనే తెలుస్తుంది.

ఒక్కో మ్యూజియం గురించి రాయడానికి ఒక్క వస్తువు చాలు. గది గదికీ ఓ వాక్యం రాస్తే అది జాబితా అవుతుంది. ఊరి మ్యూజియాల్లో తాళాలు, త్రాసులు, గడియారాలు, కుట్టుమిషన్లు లాంటివే ఎక్కువ. వాటిని తీసిపారెయ్యకండి, బొమ్మకి పనికొచ్చేవి అవే. పాత ఇనుప తాళం ముందు కూర్చున్న కుందేలు ఇలా రాయొచ్చు:

"ఈ తాళం నా బొజ్జంత ఉంది. దీనికి చెవి ఒక్కటే. నాకు రెండు. ఆ ఒక్క చెవీ ఇక్కడ లేదు. ఎక్కడ పోయిందో చీటీలో రాయలేదు."

ఐదు చిన్న వాక్యాలు, చివర్లో జవాబు లేని ప్రశ్న. ఆ ప్రశ్న పట్టుకుని కౌంటర్ దగ్గర అడగండి. చిన్న మ్యూజియాల్లో ఆ వస్తువు ఎవరింటి నుంచి వచ్చిందో చెప్పగలిగేవాళ్లు తరచూ అక్కడే కూర్చుని ఉంటారు. వాళ్లు చెప్పింది మర్నాటి పేజీలో రాయండి. అప్పుడు పిల్లకి పేజీ తిప్పడానికి ఓ కారణం ఉంటుంది.

వస్తువు అడుగునో, చీటీ మూలనో 1987.14.3 లాంటి అంకె కనిపిస్తే దాన్నీ రాసుకోండి. చాలాచోట్ల వాడే పద్ధతిలో మొదటిది వస్తువు మ్యూజియానికి చేరిన సంవత్సరం, రెండోది ఆ ఏడాది వచ్చిన ఎన్నో విడతో, మూడోది ఆ విడతలో ఎన్నో వస్తువో. కుందేలుకీ ఇలాంటి అంకె ఇచ్చి, మెడలో చీటీగా కట్టండి. ఆ చీటీ వెనక పెద్దవాళ్ల ఫోన్ నంబరు ఉండాలి, పిల్ల పేరు వద్దు.

ఫొటోలు ఎక్కువగా పాడయ్యేది వెలుతురు దగ్గరే. కాగితం, బట్ట, నీటిరంగుల చిత్రాలు ఉన్న గదుల్లో వెలుతురుని 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత) దరిదాపుల్లోనే, అంటే మసకగానే, ఉంచుతారు. వెలుతురు తగిలిన కొద్దీ రంగు వెలుస్తుంది, వెలిసింది మళ్లీ రాదు. ఫ్లాష్ వద్దు. మోచేతులు పక్కలకి ఆనించి, ఊపిరి బిగబట్టి రెండు మూడు తియ్యండి. అద్దంలో మీ నీడ పడుతుంటే ఫోన్‌ని అద్దానికి దగ్గరగా తెచ్చి కాస్త ఏటవాలుగా పట్టండి. బొమ్మని అద్దం ఇవతలే, చేత్తోనే పట్టుకోవాలి. అద్దాల పెట్టె మీద గానీ, తెరిచి పెట్టిన వస్తువు మీద గానీ కూర్చోబెట్టకూడదు. చిన్న పిల్లలు ఎత్తుగా పట్టుకుంటే జారి వస్తువు మీద పడొచ్చు కాబట్టి బొమ్మ నడుముకి రిబ్బన్ కట్టి రెండో కొస పిల్ల మణికట్టుకి ముడెయ్యండి. ఫొటోలో పిల్ల ముఖం బదులు బొమ్మ ముఖమే ఉంటుంది కనుక నలుగురికీ చూపించడానికి ఇబ్బంది ఉండదు. అయినా ఆ చోటు నుంచి వచ్చేశాకే ఫొటోని నెట్‌లో పెట్టండి.

ఉన్ని బొమ్మ ఏళ్ల తరబడి అటక మీద ఉండి ఉంటే ఇంకో జాగ్రత్త. బట్టల చిమ్మట, కార్పెట్ పురుగు లార్వాలు ఉన్ని, బొచ్చు, ఈకలు తింటాయి. మ్యూజియాలు భయపడేది వీటికే. బొమ్మని ప్లాస్టిక్ సంచిలో గాలి తీసి మూటగట్టి, −18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. తీశాక ఒక పూట సంచి విప్పకండి, విప్పితే తేమ బొమ్మ మీదే చేరుతుంది.

డైరీకి గీతల్లేని మందపాటి కాగితం, పెన్సిల్, గ్లూ స్టిక్ చాలు. పెన్ను ఇంట్లోనే ఉంచండి. వస్తువు మీద సిరా పడితే పోదని చాలాచోట్ల పెన్సిల్ ఒక్కటే లోపలికి రానిస్తారు. ద్రవంగా ఉండే జిగురుకి కాగితం ముడతలు పడుతుంది. యంత్రంలోంచి వచ్చే నున్నటి టికెట్లు వేడితో అచ్చయ్యేవి, కొన్నాళ్లకి తెల్లబడిపోతాయి. వాటికి జిరాక్స్ తీసి అదే అంటించండి.

కారులో బొమ్మని డాష్‌బోర్డు మీద వదలకండి. ఎండకి రంగు వెలుస్తుంది, అంటించిన కళ్లు ఊడొస్తాయి. ఆరేళ్ల లోపు పిల్లలతో రోజుకి రెండు మ్యూజియాలు, ఒక్కోచోట ముప్పావు గంట. అంతకు మించితే కుందేలుకీ చెప్పడానికి ఏమీ మిగలదు. వారంలో ఒకరోజు మూసేవి, కొన్ని గంటలే తెరిచేవి ఉంటాయి, ముందు ఫోన్ చేసి వెళ్లండి.

బొమ్మ తప్పిపోతే అలాంటిదే ఇంకోటి కొని గుట్టుగా చేతిలో పెట్టకండి. కుట్టు ఎక్కడ వదులైందో, చెవి ఎటు వంగిందో పిల్లకి తెలుసు. చివరగా చూసిన మ్యూజియానికి ఫోన్ చేసి, మెడలో చీటీ ఉందని చెప్పండి. దొరికేదాకా డైరీలో రెండు పేజీలు ఖాళీగా వదలండి. ఆ రాత్రి కౌంటర్ వెనక అరలో ఏమేం చూసిందో కుందేలు రాయాలి.