పొలిటికల్ సైన్స్ చదివి ఏం చేస్తావు అన్నారు: నా అనుభవం

ఎం.ఏ. పొలిటికల్ సైన్స్‌లో చేరుతున్నానంటే మా బంధువులు రెండే ప్రశ్నలు వేశారు: ఎన్నికల్లో నిలబడతావా, సివిల్స్ రాస్తావా? రెండూ కాదంటే ఎవరికీ మింగుడు పడలేదు. ఇప్పుడు డిగ్రీ కళాశాలలో అదే సబ్జెక్టు చెబుతున్నాను. పిల్లల్ని చేర్చడానికి వచ్చే తల్లిదండ్రులు నన్నూ అవే ప్రశ్నలు అడుగుతున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

నాది తెలుగు మాధ్యమంలో హెచ్‌ఈపీ (చరిత్ర, ఆర్థికశాస్త్రం, రాజనీతిశాస్త్రం) డిగ్రీ. హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయంలో చేరాక మొదటి సెమిస్టర్ చుక్కలు చూపించింది. రాజనీతి తత్వవేత్త హాబ్స్ ఇంగ్లీషు పేరా ఒక్కటి అర్థమయ్యేసరికి సాయంత్రమయ్యేది. తెలుగు అకాడమీ పుస్తకంలో ఆ అధ్యాయం ముందు చదివి, తర్వాత మూలం పట్టుకోవడం మొదలుపెట్టాక దారి దొరికింది. తెలుగు మాధ్యమం పిల్లలకు ఇప్పటికీ నేను చెప్పే పద్ధతి ఇదే.

నన్ను కట్టిపడేసింది రాజ్యాంగ సభ చర్చల పేపరు. 1948 నవంబర్ 4న ముసాయిదాను ప్రవేశపెడుతూ అంబేడ్కర్ గ్రామాన్ని సంకుచితత్వానికి, అజ్ఞానానికి నిలయమని తీవ్రంగా విమర్శించారు. ఊళ్లు తమను తామే పాలించుకునే గ్రామ స్వరాజ్యం కోరిన సభ్యులు ఊరుకోలేదు. చివరికి పంచాయతీల ప్రస్తావన 40వ అధికరణంగా ఆదేశిక సూత్రాల్లో, అంటే కోర్టు ద్వారా అమలు చేయించలేని మార్గదర్శకాల్లో, చేరింది. వాటికి రాజ్యాంగబద్ధమైన రూపం రావడానికి 73వ సవరణ దాకా, అంటే 1993 ఏప్రిల్ 24 దాకా ఆగాల్సి వచ్చింది. అంబేడ్కర్, ఆ సభ్యులు, వీరిలో ఎవరి మాట నిజమో చూడాలని ఊరి ఓటర్లందరూ కూర్చునే గ్రామసభ మీదే డిసర్టేషన్ తీసుకున్నాను.

ఒక పంచాయతీ కార్యదర్శి బీరువా తెరిచి తీర్మానాల పుస్తకం నా చేతిలో పెట్టారు. పేజీ తర్వాత పేజీ ‘సభ్యులందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది’ అనే ఉంది, కింద సంతకాలు, వేలిముద్రలు. ఒక్క చోట మాత్రం రెండు వరుసల మధ్య ఇరికించి సన్నని అక్షరాలతో ఒక వాక్యం కనిపించింది. మురుగు కాలువను ఎస్సీ కాలనీ వైపు మళ్లించడానికి ఒక మహిళా వార్డు సభ్యురాలు అభ్యంతరం చెప్పారని దాని సారాంశం. వెళ్లి ఆమెను కలిశాను. “రాయించేదాకా లేవలేదు బాబూ” అన్నారు. అంబేడ్కర్ భయపడిన ఊరు, 73వ సవరణ ఆశించిన ఊరు, రెండూ ఆ ఒక్క పేజీలోనే ఉన్నాయి. రాజకీయాలు చదవడమంటే ఆ పేజీని చదవగలగడమని నా నమ్మకం.

ఇక ఉపాధి. పీజీ పూర్తయ్యాక పరిశోధనా ప్రాజెక్టుల్లో క్షేత్ర పరిశోధకుడిగా సర్వేలు చేశాను, గెస్ట్ లెక్చరర్‌గా పాఠాలు చెప్పాను. శాశ్వత నియామకాల నోటిఫికేషన్లు ఎప్పుడు పడతాయో ఎవరూ చెప్పలేని కాలం అది, ఇంట్లోవాళ్ల ఓపికే నన్ను నిలబెట్టింది. అధ్యాపక అర్హత పరీక్ష నెట్‌లో రెండు పేపర్లకు కలిపి 150 ప్రశ్నలు, 300 మార్కులు, నెగెటివ్ మార్కులు లేవు. అందులో జేఆర్‌ఎఫ్ (పరిశోధనకు ఇచ్చే ఫెలోషిప్) వస్తే 2023 నుంచి మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు. పేద ఇంటి పిల్లలకు పీహెచ్‌డీ అందుబాటులోకి వచ్చేది దానివల్లే.

పాతికేళ్ల లోపువారికి చట్టసభల పనితీరును అధ్యయనం చేసే పీఆర్‌ఎస్ సంస్థ నడిపే ల్యాంప్ ఫెలోషిప్ ఉంది. వర్షాకాల సమావేశాల నుంచి బడ్జెట్ సమావేశాల దాకా ఒక ఎంపీతో కలిసి బిల్లులు, ప్రశ్నల మీద పని చేయవచ్చు. మన పిల్లలకు దీని గురించి చెప్పేవాళ్లు తక్కువ, అది నన్ను నిజంగా బాధిస్తుంది. న్యాయవిద్య ప్రవేశ పరీక్ష లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీకి వెళ్లవచ్చు. విలేకరి వృత్తికి ఈ చదువు గట్టి పునాది. సివిల్స్‌లో ఆప్షనల్‌గా ఇది 500 మార్కులది. అయితే సివిల్స్ కోసమే ఎం.ఏ.లో చేరవద్దని నా సలహా. ఆ పరీక్ష పోతే చదువు మీదే విరక్తి పుట్టడం కళ్లారా చూశాను.

చేరదలచినవారు తెలంగాణలో సీపీగెట్, ఆంధ్రప్రదేశ్‌లో పీజీసెట్, కేంద్రీయ విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పీజీ ప్రవేశ పరీక్ష రాయాలి. డిగ్రీ చివరి ఏడాదిలోనే దరఖాస్తు తేదీలు కనిపెట్టుకుని ఉండండి. ఈలోగా మీ ఊళ్లో గ్రామసభ జరిగితే వెళ్లి కూర్చోండి. ఓటరుగా నమోదై ఉంటే మీరు అందులో సభ్యులే, ఎవరి అనుమతీ అక్కర్లేదు.