క్యాడ్‌లో ఇంటి ప్లాన్: అక్షరాలు, వస్తువులు వరుసకు తెచ్చే దశ

కంప్యూటర్‌లో ప్లాన్‌లు గీసే సాఫ్ట్‌వేర్ ఆటోక్యాడ్‌లో తీరిక వేళల్లో గీస్తున్న ఇంటి ప్లాన్‌లో గోడలు, తలుపులు, కిటికీలు పూర్తయ్యాయి. అందుచేత ఈ విడత పనంతా గదుల పేర్లను, కొలతలను, ఫర్నిచర్ బ్లాకులను (ఒకే వస్తువుగా కదిలే బొమ్మలను) వరుసకు తేవడం మీదే సాగింది. ప్లాన్‌లో చాలా భాగం నిలువు, అడ్డ గీతలతోనే ఉన్నా, చివరి చదువు గది మాత్రం మిగతా ఇంటికి 17 డిగ్రీల వాలులో ఉంటుంది. ఏ కమాండ్ ఎంత పనికొస్తుందో తేలింది ఆ గదిలోనే. ఈ దశలో నాకు బలంగా నాటుకున్న విషయం ఒక్కటే: వస్తువును ఏ బిందువు దగ్గర పట్టుకోవాలో ముందే నిర్ణయించుకుంటే వరుస దానంతటదే కుదురుతుంది, ఎందుకంటే కమాండ్‌లన్నీ చేసేది ఆ బిందువును జరపడమే.

ముందుగా అక్షరాల ఎత్తులు స్థిరపరిచాను. సాంకేతిక చిత్రాల్లో అక్షరాలకు ఐఎస్ఓ 3098 ప్రమాణం 1.8, 2.5, 3.5, 5, 7 మిల్లీమీటర్లు ఇలా సాగే వరుసను ఇస్తుంది. అందులోంచి గదుల పేర్లకు 3.5, కొలతలకు 2.5 తీసుకున్నాను. ప్లాన్ 1:50 స్కేల్‌లో ముద్రణకు వెళ్తుంది కనుక ఇవి మోడల్‌లో, అంటే అసలు కొలతలతో గీసే చోట, 175, 125 మిల్లీమీటర్లు అవుతాయి. టెక్స్ట్ స్టైల్‌ను అనొటేటివ్‌గా, అంటే స్కేల్‌ను బట్టి ఎత్తు దానంతటదే మారేలా, పెట్టుకుంటే ఈ గుణింపు మన నెత్తిన పడదు, కాగితం మీది ఎత్తు ఇస్తే చాలు.

గది పేరు గది మధ్యలో కూర్చోవాలంటే జస్టిఫికేషన్, అంటే అక్షరాలను ఏ బిందువు దగ్గర పట్టుకోవాలన్నది, సరిగా ఎంచుకోవాలి. సింగిల్ లైన్ టెక్స్ట్ మొదట ఎడమ అంచున, బేస్‌లైన్ (అక్షరాలు కూర్చునే గీత) మీది బిందువుతో వస్తుంది. అలాగే ఉంచి కంటి అంచనాతో మధ్యకు జరిపితే, తర్వాత పేరు మారినప్పుడు అక్షరాలు కుడివైపుకే పెరిగి మధ్యస్థానం తప్పుతుంది. మధ్యకు రెండు ఎంపికలున్నాయి: మిడిల్, మిడిల్ సెంటర్. మిడిల్ అనేది జీ, వై వంటి ఇంగ్లీషు చిన్న అక్షరాల కింది తోకలను కూడా లెక్కలోకి తీసుకుని మధ్యబిందువు కడుతుంది. మిడిల్ సెంటర్ మాత్రం పెద్ద అక్షరాల ఎత్తులో సగాన్నే చూస్తుంది. పక్కపక్క గదుల్లో ఒక పేరుకు తోకలుండి మరో పేరుకు లేకపోతే, మిడిల్‌తో రెండు బేస్‌లైన్లు ఒకే మట్టంలో ఉండవు. మిడిల్ సెంటర్‌తో ఉంటాయి. ప్లాన్‌లకు నేను సిఫారసు చేసేది ఇదే.

పద్ధతి ఇలా సాగుతుంది: సింగిల్ లైన్ టెక్స్ట్ కోసం డీటీ అని టైప్ చేసి ఎంటర్, జస్టిఫికేషన్‌కు జే, తర్వాత మిడిల్ సెంటర్‌కు ఎంసీ. బిందువు అడిగినప్పుడు ఎమ్‌2పీ అని టైప్ చేసి, గదిలో ఎదురెదురు మూలలు రెండింటినీ గీత కొసను కచ్చితంగా పట్టే ఎండ్‌పాయింట్ స్నాప్‌తో నొక్కాలి. ఆ రెండింటి నట్టనడుమ బిందువును సాఫ్ట్‌వేరే పట్టుకుంటుంది, సాయపు గీతలేవీ గీయనక్కర్లేదు. ఇంతకుముందే రాసి ఉన్న పేర్లకైతే జస్టిఫైటెక్స్ట్ కమాండ్ వాడాను. అది అక్షరాలను కదలనివ్వకుండా వాటి బిందువును మాత్రమే మారుస్తుంది.

తలుపుల, కిటికీల పట్టికలోని పేర్ల కోసం టెక్స్ట్‌అలైన్ తీసుకున్నాను. ఇది ఆటోక్యాడ్ 2015లో వచ్చింది. ముందు ఎడమ అంచు అని చెప్పి, వరుసకు తేవలసిన పేర్లను ఎంచి, ఆధారంగా ఉండాల్సిన పేరును చూపించి, దిశ కోసం రెండో బిందువు ఇస్తే అన్నీ ఆ గీత మీదికి వస్తాయి. దీని ఆప్షన్స్‌లో సెట్ స్పేసింగ్ ఎంచుకుంటే పేర్ల మధ్య ఖాళీ మనమిచ్చిన అంకె ప్రకారం ఉంటుంది. డిస్ట్రిబ్యూట్ అయితే ఇచ్చిన రెండు బిందువుల మధ్య సమానంగా పంచుతుంది.

ఇక వాలు గది. పుస్తకాల అల్మరా బ్లాక్ 1200 వెడల్పు, 300 లోతు. వాలు గోడ పొడవు 3600. అలైన్ కమాండ్ ఇచ్చి, అల్మరా వెనక ఎడమ మూలను మొదటి జతలో కదిలే బిందువుగా, గది మూలను దాని గమ్యంగా చూపించాను. తర్వాత వెనక కుడి మూలను, గోడ అవతలి కొసను రెండో జతగా ఇచ్చి ఎంటర్ నొక్కాను. మొదటి జత కచ్చితంగా కలుస్తుంది, రెండో జత దిశను మాత్రమే నిర్ణయిస్తుంది. చివర్లో స్కేల్ చేయాలా అని అడుగుతుంది. ఇక్కడ కాదు అనే చెప్పాలి, లేకపోతే అల్మరా మూడింతలై 3600 వెడల్పుతో, 900 లోతుతో గదిని ఆక్రమిస్తుంది. అయితే అదే ప్రశ్నకు అవును అనవలసిన సందర్భం కూడా ఉంది: స్కాన్ చేసిన పాత ప్లాన్ బొమ్మను కింద పరిచి, దానిలో పొడవు తెలిసిన గోడ రెండు కొసలను అసలు కొలతతో గీసిన గీత కొసలకు కలిపితే, బొమ్మ స్థానం, కోణం, పరిమాణం మూడూ ఒకే కమాండ్‌తో సరిపోతాయి. ఈ ఒక్క సౌకర్యం కోసమైనా అలైన్ నేర్చుకోవాలి.

ఆ గదిలో రాయాల్సినవి ఎక్కువగా ఉన్నాయి కనుక ఒక్కొక్కదాన్నీ తిప్పకుండా యూసీఎస్‌నే, అంటే మనం అమర్చుకోగల ఎక్స్, వై అక్షాల వ్యవస్థనే, తిప్పాను. యూసీఎస్ కమాండ్‌లో మూలబిందువుగా గోడ ఎడమ కొసను, ఎక్స్ అక్షం కోసం కుడి కొసను ఇచ్చి, తర్వాత ప్లాన్ కమాండ్‌తో తెర మీది దృశ్యాన్ని కూడా దానికి అనుగుణంగా తిప్పుకుంటే, ఆ గది నిటారుగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఆర్థో గీతలు (అక్షాల దిశలోనే సాగేవి) గోడ వెంటే నడుస్తాయి, సున్నా కోణంతో రాసిన అక్షరాలు గోడకు సమాంతరంగా వస్తాయి. కొసల వరుస ముఖ్యం: కుడి నుంచి ఎడమకు ఇస్తే అక్షరాలు తలకిందులవుతాయి. ఈ యూసీఎస్‌కు పేరు పెట్టి భద్రపరిచాను, పని ముగిశాక వరల్డ్ అనే అసలు యూసీఎస్‌కు తిరిగి వెళ్లాను.

కొలతల గీతలకు డిమ్‌స్పేస్ సరిపోయింది. ఆధార కొలతను, మిగతావాటిని ఎంచి ఆటో అంటే, గీతల మధ్య దూరం కొలత అక్షరాల ఎత్తుకు రెండింతలుగా, అంటే కాగితం మీద 5 మిల్లీమీటర్లుగా స్థిరపడుతుంది. సున్నా ఇస్తే పక్కపక్క కొలతలన్నీ ఒకే గీత మీదికి వస్తాయి. బయటి గోడ వెంట ఉన్న కిటికీల కొలతలకు నేను సున్నానే వాడాను.

మల్టీలీడర్ గమనికలు (బాణం గీతతో వస్తువును చూపేవి) ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని ఎమ్‌లీడర్‌అలైన్‌తో ప్లాన్ కుడివైపున ఒకే నిలువు వరుసలో నిలపాలి. వాలు గదికి సంబంధించినవి కూడా ఆ వరుసలోనే, ఇంటి ప్రధాన దిశలోనే ఉండేలా ముందు వరల్డ్ యూసీఎస్‌కు మారి ఆ పని మొదలుపెడతాను.