మే నెల ఎండలో జర్మేనియం ఫజ్

మూలన పడేసిన పాత ట్రాన్సిస్టర్ రేడియో విప్పి చూడండి. స్పీకర్ వైపు ఉండే భాగంలో వెండిరంగు డబ్బీల్లాంటి రెండు ట్రాన్సిస్టర్లు పక్కపక్కనే ఉంటాయి. మీద బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ముద్ర, ఏసీ128 అనో ఏసీ188 అనో నంబరు ఉంటే ఆ రేడియోను తూకానికి వేయకండి. గిటార్ శబ్దాన్ని బొంగురుగా చీల్చే ఫజ్ పెడల్ అనే డబ్బాను వాటితో చేసుకోవచ్చు. 1966లో లండన్‌లో ఆర్బిటర్ వాళ్లు తెచ్చిన ఫజ్ ఫేస్ పెడల్‌లో ఎన్‌కేటీ275 అనే జర్మేనియం ట్రాన్సిస్టర్లు రెండు వాడారు. మన బీఈఎల్ సరుకూ ఆ కోవదే. ఆ రేడియోలోనే ఏఎఫ్114 నుంచి ఏఎఫ్117 దాకా నంబర్లున్నవి కనిపిస్తే మాత్రం వదిలేయండి. వాటి డబ్బీ లోపల తగరం మీసాల్లా పెరిగి కాళ్లను డబ్బీకి షార్ట్ చేస్తుంది.

ట్రాన్సిస్టర్‌కు బేస్, ఎమిటర్, కలెక్టర్ అని కాళ్లుంటాయి. అది పనిచేయడానికి జర్మేనియంలో బేస్‌కూ ఎమిటర్‌కూ మధ్య 0.2, 0.3 వోల్టులు చాలు, సిలికాన్‌కు 0.6 కావాలి. కానీ చెవికి తెలిసే తేడా ఎక్కువగా ఇంకో రెండు చోట్ల ఉంది. గెయిన్ (ఎన్ని రెట్లు పెంచుతుందనే లెక్క) తక్కువ, పై స్వరాల దగ్గర మందకొడితనం ఎక్కువ. అందుకే అలల అంచులు గుండ్రంగా అరుగుతాయి. గిటార్ వాల్యూమ్ కొంచెం తగ్గిస్తే చాలు, ఫజ్ కరిగి దాదాపు శుభ్రమైన శబ్దం వస్తుంది. తర్వాత వచ్చిన బీసీ108 సిలికాన్‌లో గెయిన్ ఎక్కువ, గీరినట్టు ఉంటుంది. అదీ కొందరికి ఇష్టమే.

ఇక అసలు తిప్పలు లీకేజీతో. బేస్‌కు ఏమీ ఇవ్వకపోయినా కలెక్టర్ నుంచి కరెంటు కారుతూనే ఉంటుంది. చవక మల్టీమీటర్‌లో ఉండే ట్రాన్సిస్టర్ రంధ్రాలు ఈ కారుడును కూడా గెయిన్ లెక్కలో కలిపేస్తాయి. మీటరు 150 చూపిస్తుంది, నిజం 80 ఉంటుంది. పేరు గొప్ప, ఊరు దిబ్బ.

సరిగ్గా కొలవాలంటే 9 వోల్టుల బ్యాటరీ, 2.2 మెగా ఓమ్ రెసిస్టర్, వరుసగా కలిపిన 2.2 కిలో ఓమ్, 270 ఓమ్ రెసిస్టర్లు ఉంటే సరిపోతుంది. బ్యాటరీ నిజంగా 9 వోల్టులు ఇస్తోందో లేదో ముందే చూసుకోవాలి. ఏసీ128 పీఎన్‌పీ రకం (కలెక్టర్ మైనస్ వైపు ఉండేది) కాబట్టి ఎమిటర్ బ్యాటరీ ప్లస్‌కు, కలెక్టర్ ఆ రెండు చిన్న రెసిస్టర్ల మీదుగా మైనస్‌కు వెళ్తుంది. బేస్‌ను గాల్లో వదిలి, ఆ రెసిస్టర్ల రెండు కొసల మధ్య వోల్టేజీ చూడండి. 0.25 వోల్టు వచ్చిందంటే సుమారు 100 మైక్రో ఆంపియర్ల లీకేజీ. ఇప్పుడు బేస్‌ను 2.2 మెగా ఓమ్ మీదుగా మైనస్‌కు కలపండి. 1.05 వచ్చిందనుకుందాం. అందులోంచి 0.25 తీసేస్తే 0.80, దాన్ని వందతో హెచ్చిస్తే 80. అదీ అసలు గెయిన్.

ఒక జాగ్రత్త. వేళ్లతో పట్టుకున్నాక వెంటనే కొలవకండి, ఒంటి వేడికే అంకె పాకుతుంది. బల్ల మీద పెట్టి నాలుగైదు నిమిషాలు ఆగాలి. ఫజ్‌లో గిటార్ వైపు ఉండే మొదటి ట్రాన్సిస్టర్‌కు 70 నుంచి 80, రెండోదానికి 100 నుంచి 130 గెయిన్ ఉన్నవి ఏరుకోండి. మొదటిదాని లీకేజీ 100 మైక్రో ఆంపియర్లు దాటకుండా చూడండి. 300 దాటింది ఏదైనా పక్కన పెట్టాల్సిందే.

ఇంగ్లండు లెక్కలు హన్మకొండలో పనిచేయవు. జర్మేనియం లీకేజీ దాదాపు ప్రతి పది డిగ్రీలకు రెట్టింపవుతుంది. ఏసీ గదిలో 25 డిగ్రీల దగ్గర 100 ఉన్నది, మేలో 45 డిగ్రీలకు చేరిన స్టేజీ మీద 400 అవుతుంది. పెడల్ ఇనప డబ్బా ఎండలో ఉంటే ఇంకా ఎక్కువే. అప్పుడు మొదటి ట్రాన్సిస్టర్ ఎక్కువ కరెంటు లాగి, రెండోదాని బేస్‌ను కిందికి గుంజుతుంది. రెండోదాని కలెక్టర్ దగ్గర 4.5 ఉండాల్సిన వోల్టేజీ 9 వైపు ఎక్కుతుంది. తీగ మీటగానే చిటపటమని, స్వరం సాగకుండానే తెగిపోతుంది. పెడల్ పాడైందని కంగారు పడనక్కర్లేదు, డబ్బా చల్లబడ్డాక మళ్లీ పలుకుతుంది. అందుకే ట్రాన్సిస్టర్లను మిట్టమధ్యాహ్నం, కూలర్ ఆపేసి ఏరాలి.

దీనికి మందు సర్క్యూట్‌లోనే ఉంది. రెండో కలెక్టర్ దగ్గర ఉండే 8.2 కిలో ఓమ్ బదులు 4.7 కిలో ఓమ్ రెసిస్టర్, దానికి వరుసగా 10 కిలో ఓమ్ పాట్ (తిప్పితే నిరోధం మారే గుబ్బ) పెట్టి, ఆ పాట్‌ను డబ్బా బయటికి తేండి. 4.5 వచ్చే చోట మార్కర్‌తో ఎండాకాలానికొక గీత, చలికాలానికొక గీత గీసుకోవచ్చు. ఎండ ముదిరితే నిరోధం పెంచాలి. ట్రాన్సిస్టర్లకు నేరుగా సోల్డరింగ్ వద్దు, సాకెట్ పెట్టండి. తప్పకపోతే వేడి లాక్కునేలా కాలికి క్రొకోడైల్ క్లిప్ తగిలించి, ఐరన్‌ను రెండు మూడు సెకన్లలో తీసేయాలి.

మిగతా పాత సామాన్ల మీద అంత మోజు అక్కర్లేదు. ఇన్‌పుట్‌లో ఉండే 2.2 మైక్రో ఫారడ్ ఎలెక్ట్రోలిటిక్ కెపాసిటర్ పాతదైతే ఎండిపోయి విలువ తగ్గుతుంది, లేదా డీసీ కారనిచ్చి బయాస్‌ను, అంటే ట్రాన్సిస్టర్ల వోల్టేజీ అమరికను చెడగొడుతుంది. కొత్తది కొనండి, కోఠి గుజరాతీ గల్లీలో రూపాయల్లో వస్తుంది. పాత కార్బన్ కాంపోజిషన్ రెసిస్టర్లు 9 వోల్టుల దగ్గర ఇచ్చేది బుస్సుమనే చప్పుడు తప్ప వేరే రుచి కాదు. డయోడ్లు వేరే సంగతి. రేడియో డిటెక్టర్‌లోని ఓఏ79 లాంటి జర్మేనియం డయోడ్లను డిస్టార్షన్ పెడల్‌లో 1ఎన్4148 అనే సిలికాన్ డయోడ్ల బదులు పెడితే అల తక్కువ ఎత్తులోనే, మెత్తగా తెగుతుంది. అయితే మోత కూడా తగ్గుతుంది.

తయారైన ఫజ్‌ను గిటార్ తర్వాత మొట్టమొదట పెట్టండి. దాని ఇన్‌పుట్ నిరోధం చాలా తక్కువ. ముందు బఫర్ (గిటార్‌ను తర్వాతి సర్క్యూట్ నుంచి విడదీసే భాగం) ఉన్న పెడల్ పెడితే గిటార్ వాల్యూమ్‌తో శుభ్రమయ్యే గుణం పోతుంది. పీఎన్‌పీ సర్క్యూట్‌లో ప్లస్సే గ్రౌండు కాబట్టి మిగతా పెడల్స్ వాడే అడాప్టర్‌కు దీన్ని కలపకూడదు, ప్యాచ్ కార్డుల మీదుగా సప్లై షార్ట్ అవుతుంది. బ్యాటరీ పెట్టుకోండి. ఈ సర్క్యూట్ తాగేది ఎంతో కాదు, వాయించడం అయ్యాక జాక్ పీకేస్తే నెలలు వస్తుంది.