40 ఆంపియర్ల కింద రిలేకి ఏమీ కనపడదు

మా బాబాయి కనిగిరి దగ్గర మెట్ట సేద్యం చేస్తాడు. కరెంటు పోయిన ప్రతిసారీ ఫోన్ నాకే. "ఏమ్మా, వాన లేదు, గాలి లేదు, మీవాళ్లు ఎందుకు తీసేశారు?" ఎవరూ తీయలేదు బాబాయ్, రిలే తీసింది అంటాను. అదెవరు, కొత్తగా వచ్చిన ఆపరేటరా అని అడిగాడు ఓసారి. నేను రిలే టెస్టింగ్‌లో ఉన్నానని మా చుట్టాలందరికీ తెలుసు. ఆ పనేంటో మాత్రం ఎవరికీ తెలీదు. రిలే అంటే లైన్లో తేడా వస్తే తనంతట తానే కరెంటు తీయించే పెట్టె.

33 వేల వోల్టుల్ని 11 వేలకి దించే పాత 33/11 కేవీ సబ్‌స్టేషన్ కంట్రోల్ రూమ్‌లోకి వెళ్తే ఫీడర్‌కో (ఊళ్ల వైపు వెళ్లే 11 కేవీ లైనుకో) ప్యానెల్, ప్యానెల్ మీద ముందు అద్దం ఉన్న నల్ల పెట్టె. దాని పేరు సీడీజీ-31. లైన్లో పోయే వందల ఆంపియర్లని పెట్టెలోకి తేలేం కాబట్టి యార్డులో సీటీలు (కరెంటుని తగ్గించి చూపే చిన్న ట్రాన్స్‌ఫార్మర్లు) పెడతారు. 200/1 సీటీ అంటే లైన్లో 200 ఆంపియర్లు పోతుంటే రిలేకి 1 ఆంపియర్ వస్తుంది. అద్దం వెనక సన్నటి అల్యూమినియం చక్రం ఉంటుంది, పాత ఇంటి మీటర్లో తిరిగేది చూశారుగా, అలాంటిదే. మామూలు లోడుకి స్ప్రింగ్ దాన్ని కదలనివ్వదు. పెట్టిన సెట్టింగ్ దాటాక కదులుతుంది. కరెంటు ఎంత ఎక్కువైతే అంత తొందరగా తిరిగి కాంటాక్ట్ మూస్తుంది. అప్పుడు బ్రేకర్‌ని, అంటే లైన్ని తెంచే పెద్ద స్విచ్‌ని, తెరిచే ట్రిప్ కాయిల్‌కి సప్లై వెళ్లి ఫీడర్ పడిపోతుంది, లైన్లో కరెంటు పోతుంది. రిలే మీద ఫ్లాగ్, అంటే గుర్తుగా చిన్న రేకు, పడుతుంది. ఏ ఫ్లాగో చూసుకుంటే ఓవర్ కరెంటా (కరెంటు మరీ ఎక్కువ పోవడం), ఎర్త్ ఫాల్టా (కరెంటు భూమిలోకి పోవడం) తెలిసిపోతుంది.

ఆ చక్రానికి బ్రేకులా ఒక అయస్కాంతం ఉంటుంది. దాని సందులో ఇనుప రజను చేరితే చక్రం దానికి రాసుకుంటుంది. సమయాలన్నీ తప్పుతాయి. మేం వెళ్లగానే చేసే పని సన్న బ్రష్షుతో ఆ సందు దులపడమే. ఆ పెట్టెలో నాకు అన్నిటికన్నా నచ్చేది చక్రం ఎంత కరెంటుకి కదలాలో పెట్టే సెట్టింగ్ ప్లగ్. 100 శాతం నుంచి 125కి మార్చాలంటే ఒక రంధ్రంలోంచి ప్లగ్ తీసి ఇంకో దాంట్లో గుచ్చాలి. తీసిన ఆ క్షణంలో సీటీ సర్క్యూట్ తెగితే దాని కొసల మధ్య ప్రాణాంతకమైన వోల్టేజీ పుడుతుంది. అందుకని ప్లగ్ తీయగానే రిలే దానంతటదే అన్నిటికన్నా ఎక్కువ సెట్టింగ్‌కి మారిపోయేలా కట్టారు. డిజైన్‌కి కంప్యూటర్ సాయం లేని కాలంలో ఎవరో కూర్చుని ఇదంతా ఆలోచించారు.

ఫాల్ట్ వస్తే ఠక్కున పడిపోవచ్చు కదా, చక్రం తిరిగేదాకా ఆగడమెందుకు? ఒక ఫీడర్లో ఎక్కడో కొమ్మ పడితే ఆ ఫీడర్ ఒక్కటే పోవాలి. అదే ఫాల్ట్ కరెంటు పైనున్న ట్రాన్స్‌ఫార్మర్ రిలేలోంచి కూడా పోతుంది. రెండూ ఒకేసారి పడితే ఆ ట్రాన్స్‌ఫార్మర్ కిందున్న ఫీడర్లన్నీ చీకటే. లెక్క చెప్తా. ఫీడర్ రిలేకి 200/1 సీటీ, ప్లగ్ 100 శాతం (అంటే లైన్లో 200 ఆంపియర్లు), చక్రం ఎంతసేపు తిరగాలో పెట్టే టైమ్ సెట్టింగ్ 0.1. ట్రాన్స్‌ఫార్మర్ 11 కేవీ వైపు 400/1, 100 శాతం, 0.15. ఫాల్ట్ 2000 ఆంపియర్లనుకుందాం. ఫీడర్ రిలేకి అది సెట్టింగ్‌కి 10 రెట్లు, 0.3 సెకన్లలో పడుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ రిలేకి 5 రెట్లే, 0.64 సెకన్లు పడుతుంది. ఆ మధ్యనున్న సెకనులో మూడో వంతులో కింది బ్రేకర్ తెరుచుకోవాలి, పై చక్రం వెనక్కి తిరగాలి. ఫీడర్ ఊరికే పడుతోందని ఎవరైనా ఆ 0.1ని పైకి తిప్పితే, ఆ రోజుకి ఫీడర్ నిలబడుతుంది. తర్వాత ఫాల్ట్ వచ్చినప్పుడు సబ్‌స్టేషన్ మొత్తం పోతుంది. అప్పుడు మమ్మల్ని పిలుస్తారు.

బ్యాటరీ సంగతి ఒక్క మాట. సీడీజీ చక్రం సీటీ కరెంటుతోనే తిరుగుతుంది, కానీ ట్రిప్ కాయిల్‌కి డీసీ కావాలి. సెల్స్‌లో డిస్టిల్డ్ వాటర్ పోయడం మానేస్తే చక్రం తిరుగుతుంది, కాంటాక్ట్ మూస్తుంది, బ్రేకర్ మాత్రం కదలదు. ఇప్పుడొచ్చే న్యూమరికల్ రిలేలు (చక్రం లేకుండా చిప్‌తో పనిచేసేవి) ఫాల్ట్ ఎన్ని మిల్లీసెకన్లు ఉందో రాసి పెడతాయి. ట్రిప్ చేయడానికి వాటికీ అదే బ్యాటరీ దిక్కు.

అసలు చెప్పాలనుకున్నది ఎర్త్ ఫాల్ట్ గురించి. మూడు ఫేజుల సీటీల కరెంటునీ ఒకచోట కలిపి మిగిలినదాన్ని రిలేలో ఒక ఎలిమెంట్‌కి, అంటే విడిగా ఉన్న ఇంకో చక్రానికి, ఇస్తారు. అంతా బాగుంటే మూడూ కలిసి దాదాపు సున్నా. ఏదైనా భూమిలోకి పోతే ఆ మేరకు తేడా వస్తుంది. మీ ఇంట్లో ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే పడిపోయే స్విచ్) ఉంటే అదీ ఇదే లెక్క: ఫేజులో వెళ్లింది న్యూట్రల్లో తిరిగి రావాలి, రాకపోతే పడిపోవాలి. ఇంట్లోది 30 మిల్లీఆంపియర్లకి పడుతుంది, ఎందుకంటే దాన్ని మనిషి కోసం పెట్టారు. 200/1 సీటీ మీద ఎర్త్ ఫాల్ట్ ప్లగ్‌ని 20 శాతంలో పెడితే లైన్లో 40 ఆంపియర్లు. అంటే వెయ్యి రెట్లకు పైగా ఎక్కువ. ఇంకా తగ్గించొచ్చుగా అంటారు. కొన్నిచోట్ల ఒక ఫేజుకీ భూమికీ మధ్య కట్టిన చిన్న సింగిల్ ఫేజ్ ట్రాన్స్‌ఫార్మర్లుంటాయి. వాటి కరెంటు రోజూ భూమిలోంచే తిరిగొస్తుంది. మరీ తగ్గిస్తే ఫీడర్ నిలబడదు.

ఇప్పుడు తీగ తెగి తడి పొలంలో పడిందనుకోండి, కరెంటు బాగా పారుతుంది, రిలే చూస్తుంది, పడిపోతుంది. అదే తీగ మే నెలలో ఎండిన ఇసుక నేల మీద, తారు రోడ్డు మీద పడితే? పది ఆంపియర్లు, ఒక్కోసారి అంత కూడా పారదు. 40 దాటితేగానీ కదలని చక్రానికి అది లేనట్టే. 11 కేవీ లైను తీగ అక్కడ కరెంటుతోనే పడుంటుంది, కంట్రోల్ రూమ్‌లో ఫీడర్ ఆన్‌లోనే ఉంటుంది. ఇంకో రకం ఉంది, మా వాళ్లలోనూ కొందరు నమ్మరు. సబ్‌స్టేషన్ వైపు ముక్క స్తంభానికే ఉండిపోయి, అవతలి వైపు ముక్క మాత్రం కింద పడుతుంది. అటునుంచి సప్లై లేదు కదా, చచ్చిన తీగే అనుకుంటారు. మిగతా రెండు ఫేజుల నుంచి, అవతలున్న ట్రాన్స్‌ఫార్మర్ల వైండింగుల మీదుగా దానికి వోల్టేజీ వెనక్కి వస్తుంది. రిలేకి ఈ కరెంటు ఇంకా తక్కువగా కనపడుతుంది. తీగ దగ్గరికి వెళ్లినవాడికి మాత్రం తేడా ఏమీ ఉండదు.

ట్రిప్పయిన ఫీడర్ని ఒకసారి వేసి చూడటం, టెస్ట్ చార్జ్ అంటాం, అలవాటుగా జరిగేదే. చాలాసార్లు నిలబడుతుంది, కొమ్మో పక్షో తగిలి పోయి ఉంటుంది. ఎర్త్ ఫాల్ట్ ఫ్లాగ్ పడి, ఆ వేళప్పుడు ఈదురుగాలి ఉంటే, లైన్‌మన్ ఒక చుట్టు తిరిగొచ్చేదాకా వేయొద్దని నేను వెళ్లిన ప్రతి సబ్‌స్టేషన్‌లోనూ చెప్తాను. రైతులు ఫోన్లు చేసి తిడతారు, ఆపరేటర్‌కి అదీ ఒత్తిడే.

మొన్న బాబాయికి కూడా ఇదంతా చెప్పి, తీగ పడితే ఎండు కర్రతో కూడా జరపొద్దన్నాను. పశువుల్ని అటు పోనివ్వకుండా, దూరంగా నిలబడి 1912కో సబ్‌స్టేషన్‌కో ఫోన్ చేసి, దగ్గర్లోని స్తంభం నంబరో ట్రాన్స్‌ఫార్మర్ ఎవరి పొలంలో ఉందో చెప్తే చాలు. ఆ ఫోన్ వచ్చాక ఆపరేటర్ ఏఈని (అసిస్టెంట్ ఇంజినీర్‌ని) అడిగేదాకా ఆగక్కర్లేదు. ముందు హ్యాండ్ ట్రిప్ ఇచ్చేసి (చేత్తో ఫీడర్ ఆపేసి), టైము లాగ్ బుక్‌లో తర్వాత రాసుకోవచ్చు.