బావిలో పెరిగింది, క్వారీలో తగ్గింది

సైదాపురం వైపు వెళ్తే ఎండకు నేల తళతళలాడుతుంది. మైకా గనులు తవ్వినవాళ్లు పారబోసిన తుక్కు అది. చెప్పులకు, ప్యాంటు అంచులకు, చివరికి పులిహోర పొట్లానికి కూడా అంటుకుంది. చేతిలో గైగర్ కౌంటర్, అంటే రేడియోధార్మిక కిరణం తగిలినప్పుడల్లా టిక్కుమనే పరికరం, పట్టుకుని ఆ గుట్టల మీద తిరుగుతున్నాను. నేల మీద కంటే నేల లోపల గామా కిరణాలు ఎక్కువని చదివి, ఆ సంగతేదో స్వయంగా తేల్చుకుందామని బయలుదేరాను.

ఈ కిరణాలు వచ్చే తీరుకు నిలకడ తక్కువ. ఒక నిమిషం 14 టిక్కులు, మరో నిమిషం 27. అందుకే ప్రతిచోటా అరగంట కూర్చున్నాను. ఇలాంటి లెక్కలో మామూలుగా వచ్చే తేడా సుమారుగా మొత్తం టిక్కుల వర్గమూలమంత ఉంటుంది, 900 వస్తే 30. ఆమాత్రం హెచ్చుతగ్గులు లెక్కలోకి రావు. నెల్లూరులో మా డాబా మీద 590 వచ్చాయి. మైకా గుట్ట మీద 810. తెల్ల మైకాలో పొటాషియం ఉంటుంది, అందులో పదివేల అణువులకు ఒకటి చొప్పున పొటాషియం-40 ఉంటుంది, గామా కిరణాలు దాని నుంచి కూడా వస్తాయి.

పాడుబడ్డ గనుల్లోకి దిగకూడదు. పక్కనే మెట్లున్న రైతు బావి ఉంటే అడిగి దిగాను. నీళ్లు అడుగంటాయి. ఆఖరి మెట్టు మీద కౌంటర్‌ను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే పైనుంచి పెద్దాయన తొంగి చూశారు.

"నీళ్లు చూసే మిషనా బాబూ?"

"కాదు పెద్దయ్యా, రాళ్లలోంచి వచ్చే కిరణాలను లెక్కపెడుతుంది."

"ఇంకేం, ఈ ఊళ్లో దానికి చేతినిండా పనే. పోయినసారి కొబ్బరికాయతో చూసినాయన ఇంతసేపు కూర్చోలేదు."

1,010 వచ్చింది. పైన నేల పాదాల కిందే ఉంటుంది. బావిలో చుట్టూ నేలే. 1912లో విక్టర్ హెస్ బెలూనెక్కి కనిపెట్టిన విశ్వకిరణాలు ఆకాశం నుంచి వస్తాయి కాబట్టి అవి బావిలో కాస్త తగ్గుతాయి. చుట్టూ ఉన్న రాయి ఆ లోటు తీర్చి మిగిల్చింది కూడా.

పుస్తకం గెలిచిందన్న ధీమాతో మర్నాడు గెలాక్సీ గ్రానైట్ తవ్వే చీమకుర్తి వెళ్లాను. క్వారీ అంచున 520. సూపర్‌వైజరు హెల్మెట్ ఇచ్చి లారీలు దిగే బాట వెంట అడుగుకు తీసుకెళ్లారు. వైర్ కోత నుంచి నల్లటి బురదనీళ్లు కారుతున్నాయి. చుట్టూ నిలువెత్తు గోడలు, బావికి పెద్దన్న లాంటి గొయ్యి. పదిహేను వందలు వస్తాయని నా అంచనా. అరగంట తర్వాత చూస్తే 390! బ్యాటరీ మార్చి మళ్లీ కూర్చున్నాను. 402.

తప్పు నాదే. గెలాక్సీ గ్రానైట్ అన్న పేరు నమ్మాను. వ్యాపారానికి గ్రానైటే గానీ, భూగర్భ శాస్త్రం లెక్కలో అది గాబ్రో అనే వేరే రాయి. అసలు గ్రానైట్‌తో పోలిస్తే, కిరణాలకు మూలమైన పొటాషియం, యురేనియం, థోరియం ఆ రాతిలో బాగా తక్కువ. కోసిన పలక మీద నీళ్లు చల్లితే కంచు రంగు చుక్కలు మెరిశాయి. కౌంటర్‌ను వాటికి ఆనించి పెట్టినా బద్ధకంగా టిక్కుమంది. లోతు ఎంతన్నది కాదు, చుట్టూ ఉన్న రాయి ఏమిటన్నది చూడాల్సింది.

సూపర్‌వైజరు మాత్రం చాలా సంతోషించారు. "ఆ 390 అంకె ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టండి సార్, కొనేవాళ్లకు చూపిస్తాం" అన్నారు. నా పరికరం అంత పెద్దది కాదని చెప్పి, టీ మాత్రం తాగి వచ్చాను.